విజిల్ వినపడని కెమెరా

మొన్న తిరునాళ్లలో బండలాగుడు పోటీలు అయ్యీ కాకముందే కమిటీ వాళ్లు నా చుట్టూ మూగారు. టంగుటూరుకీ కొండపికీ మధ్య ఊరది. పేరు రాస్తే సద్దుమణిగిన తగువు మళ్లీ లేస్తుంది, అందుకని రాయను. నాలుగు పళ్ల విభాగంలో (ఎడ్ల వయసును పళ్లతోనే లెక్కగడతారు) రెండో జతకూ మూడో జతకూ తేడా ఏడంటే ఏడడుగులు. అక్కడి పద్ధతి ఏమిటంటే, విజిల్ పడ్డ క్షణాన బండ ముందంచు ఎక్కడుందో అక్కడ సున్నంతో గీత పెడతారు, టేపు అక్కడిదాకా పరుస్తారు. విజిల్ వినగానే ఎడ్లు ఆగవు గదా, ఇంకో నాలుగడుగులు లాగేస్తాయి. గీత పెట్టినాయన బాగా వెనక పెట్టాడని మూడో జత రైతు గొడవ. "విజిల్ పడేతలికి నా బండ యాడుండాది, మీరు గీత పెట్టింది యాడ?" అని కండువా నేలకేసి కొట్టాడు.

"సారు కెమెరా పొద్దుట్నుంచీ ఆడతానే ఉండాది గదా, దాంట్లో చూద్దాం పదండి" అన్నారెవరో.

నిజమే, ఆడుతూనే ఉంది. కోర్టుకి (ఎడ్లు బండ లాగే బాటను అలాగే అంటారు) ఆ చివర, పొగాకు కాల్చే పాడుబడ్డ బేరన్ నీడలో స్టాండు వేసి ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టాను. ఒక్కో జతకూ ఇచ్చిన ఇరవై నిమిషాలూ ఆపకుండా తీశాను. గ్రౌండు చుట్టూ ఫోన్లు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు, అయినా ఆ జత చివరి నిమిషం ఎవరి ఫోనులోనూ లేదు. ఉన్నవన్నీ అర నిమిషం ముక్కలు. అందులో సగం ఎడ్లవి కాదు, ఎడ్ల ముందు తీసుకున్న సెల్ఫీలు.

అలా నా కామ్‌కార్డర్, అంటే వీడియో తీయడానికే చేసిన చిన్న కెమెరా, తీర్పరి అయింది. మొదటి చిక్కు, దాని తెర. రెండు ముప్పావు అంగుళాల తెర, మిట్టమధ్యాహ్నం ఎండ. ఏమీ కనపడదు. చివరికి ఒక తువ్వాలు కప్పుకుని దాని కింద నలుగురం తలలు దూర్చాం. ఆ చీకట్లో, చెమట కంపులో, బొమ్మ మాత్రం చక్కగా కనపడింది. దూరం నుంచి దగ్గరికి లాగి తీశాను కాబట్టి బండ అంచు, నేల మీద గీతలు, గిత్తల డెక్కలు లేపే దుమ్ము అన్నీ స్పష్టం. ఏ క్షణం కావాలంటే ఆ క్షణం దగ్గర ఆపి చూపించగలను. ఇంక విజిల్ ఎప్పుడు పడిందో తెలిస్తే చాలు.

విజిల్ లేదు. ఆ నిమిషమంతా వ్యాఖ్యాత గొంతే. "లాగాలి, లాగాలి, ఇంకా పది సెకన్లే" అంటూ ఆయన లౌడ్‌స్పీకర్లో అరుస్తుంటే దాని కింద విజిల్, ఈలలు, డప్పు అన్నీ కలిసి ఒకే రొద. సరే, విజిల్ ఊదే పెద్దమనిషి చెయ్యెత్తుతాడు గదా, అదన్నా చూద్దామంటే ఆయన బొమ్మలో లేడు. నేను జూమ్ చేసి బండ మీదే పెట్టాను. ఆయన దానికి పదడుగుల పక్కన నిలబడి ఉన్నాడు.

నాలుగుసార్లు తిప్పి తిప్పి చూశారు. చివరికి రెండో బహుమతి, మూడో బహుమతి డబ్బులు కలిపేసి చెరిసగం చేశారు. తువ్వాలు మడిచి భుజాన వేసుకుంటూ ఒక ముసలాయన నాతో అన్నాడు: "కళ్లు బాగుండాయి సారూ. చెముడు దీనికి."

ఇంటికి వస్తూ దారంతా ఆ మాటే. ఈ చిన్న కెమెరాల గురించి నేను చదివిన పోలిక వ్యాసాల్లో ఎందులోనూ ఇంత కచ్చితమైన ముక్క లేదు. వాటి గొడవంతా ఒకటే: ఫోను వచ్చాక కామ్‌కార్డర్ ఎందుకు? బొమ్మ పక్కన బొమ్మ పెట్టి చూపిస్తారు, ఫోను గెలుస్తుంది, వ్యాసం అయిపోతుంది. బొమ్మ దగ్గర ఫోను గెలుస్తుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ చవక కామ్‌కార్డర్‌ను బొమ్మ కోసం కొనకూడదని నా వాదన. దాన్ని ఓపిక కోసం కొనాలి. ఆ ఓపికకు మనం కట్టే ధర రూపాయల్లోనే కాదు, చీకట్లోనూ చప్పుడులోనూ కూడా ఉంటుందని తెలిసి కొనాలి.

మినపగింజంత కూడా లేని సెన్సరు

నేను కొన్నది 2017లో, ఒంగోలులో, పదిహేడు వేలకు. కంపెనీ పేరు అనవసరం, ఆ ధరలో అన్నీ ఇంచుమించు ఒక తీరే. పిడికిట్లో పట్టే సైజు, రెండొందల గ్రాముల బరువు, ముప్పై రెట్ల జూమ్. మైకు పెట్టుకునే రంధ్రం లేదు, ఇయర్‌ఫోన్ రంధ్రమూ లేదు. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. వెలుతురును ఎంతసేపు రానివ్వాలో చెప్పే షట్టరు, ఎంత రానివ్వాలో చెప్పే ఐరిస్ మన చేతిలో ఉండవు. దానికి తోచినట్టు అది తీస్తుంది.

లోపలి సెన్సరు, అంటే వెలుతురును పట్టి బొమ్మ చేసే బిళ్ల, మూల నుంచి మూలకు సుమారు 3 మిల్లీమీటర్లు. మినపగింజ దీనికంటే పెద్దది. ఇవాళ పదిహేను వేల ఫోనులో ఉండే సెన్సరు కూడా దీనికి ఎన్నో రెట్లు. ఈ సంగతి తెలిసినప్పుడు మోసపోయానేమో అనిపించింది నాకు. ఆలోచించగా తెలిసిందేమంటే, నాకు ఇష్టమైన గుణమూ అక్కణ్నుంచే పుట్టింది. సెన్సరు అంత చిన్నది కాబట్టే అందులో ఉన్న 57 మిల్లీమీటర్ల లెన్సు, పెద్ద కెమెరా మీద 800 మిల్లీమీటర్ల లెన్సు చేసే పని చేస్తుంది. పెద్ద కెమెరాకు అంత లెన్సు కావాలంటే ఎకరం పొగాకు మీద వచ్చిన డబ్బు పెట్టాలి, దాన్ని మొయ్యడానికి ఇంకో మనిషి కావాలి. ఇక్కడ అది చొక్కా జేబులో పడుతుంది.

దాని విలువ నాకు పులికాట్ దగ్గర తెలిసింది. ఆ ఏడు చలికాలం పిల్లల్ని సూళ్లూరుపేట తీసుకెళ్లాం. అప్పటికి అది నెల్లూరు జిల్లాలోనే ఉంది. నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు. ఫోన్లలో అవి ఆకుల మీద ఆరేసిన తెల్ల గుడ్డల్లా పడ్డాయి. నా కెమెరాలో పిల్ల పక్షి తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేపముక్క తీసుకోవడం కనపడింది. పిల్లలు వంతులేసుకుని ఆ బుల్లి తెరలో చూశారు. నలభై నిమిషాలు ఒకే గూటి మీద పెట్టి వదిలేశాను. అది కదల్లేదు, అలిసిపోలేదు, మధ్యలో దానికి ఎవరి ఫోనూ రాలేదు.

శ్రీహరికోట రోడ్డు మీద ఫ్లెమింగోల దగ్గర మాత్రం ముప్పై రెట్ల జూమూ ఓడిపోయింది. అది కెమెరా తప్పు కాదు. పదిన్నర దాటాక ఎండకు ఉప్పునేల మీద గాలి మరిగి పక్షులన్నీ నీళ్లలో నీడల్లా ఊగాయి. మీరు వెళితే ఎనిమిదింటికల్లా అక్కడ ఉండండి.

ఓపిక అంటున్నది ఇదే

మన ప్రాంతంలో తీసి దాచుకోదగ్గవన్నీ పొడుగ్గానే ఉంటాయి. ఎడ్ల పోటీలు పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా. పద్య నాటకం రాత్రి పదికి మొదలైతే తెల్లారేదాకా. బారాషహీద్ దర్గా రొట్టెల పండగైతే రోజులు. వీటి ముందు ఫోను చెయ్యెత్తి ఎంతసేపని నిలబడతాం?

మామూలు ఫోటోల కెమెరాతో తీయొచ్చు గదా అంటే, వాటిలో చాలా మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర వాటంతట అవే ఆగిపోయేవి. చేతకాక కాదు. అరగంటకు మించి తీయగలిగితే యూరప్ దాన్ని వీడియో కెమెరా కింద కట్టి సుంకం ఎక్కువ వేసేది, ఆ సుంకం తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టుకున్న కట్టుబాటు. ఎక్కడో యూరప్ కస్టమ్స్ లెక్క మన ఊరి నాటకంలో కృష్ణుడి పద్యం సగంలో కోసేయడం విచిత్రమే.

కామ్‌కార్డర్‌కు ఆ గొడవ లేదు. సెకనుకు 17 మెగాబిట్ల నాణ్యతలో పెడితే గంటకు ఏడున్నర జీబీ పడుతుంది, 64 జీబీ కార్డులో ఎనిమిది గంటలు పడుతుంది. బ్యాటరీ గంటకో గంటంబావుకో అయిపోతుంది, జేబులో ఇంకో రెండు ఉంటే చాలు. మే నెల ఎండలో మా తమ్ముడి ఫోను పావుగంటకే 'వేడెక్కింది, చల్లారనివ్వండి' అని చేతులెత్తేస్తే, ఇది దాని పక్కనే సాయంత్రందాకా నడిచింది. (నీడలో పెట్టాననుకోండి. ఫోనుకు ఆ మర్యాద ఎవరూ చెయ్యరు.)

ఇదంతా మా మేనల్లుడికి ఫోనులో చెబితే వాడు ఓపిగ్గానే విన్నాడు. వాడే అసలీ చర్చ మొదలుపెట్టింది. పెళ్లి కుదిరింది వాడికి, కామ్‌కార్డర్ కొనాలా అని అడిగాడు. అన్నీ విని, "మామయ్యా, నువ్వు చెప్పేది కెమెరా గురించా, వాచ్‌మన్ గురించా?" అన్నాడు. బాగానే అన్నాడు.

చీకటి పడితే

వాచ్‌మన్ అంటే గుర్తొచ్చింది, ఈ వాచ్‌మన్‌కు రేచీకటి.

లెన్సు మీద 1.8–4.0 అని రాసి ఉంటుంది. కొన్న కొత్తలో దాన్ని పట్టించుకోలేదు. దాని అర్థం ఏమిటంటే, జూమ్ చెయ్యకుండా ఉన్నప్పుడు లెన్సు 1.8 దాకా తెరుచుకుంటుంది, పూర్తిగా జూమ్ చేస్తే 4.0కి మించి తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే తెరుచుకోవడం అంత ఎక్కువ). లెక్క కడితే లోపలికి వచ్చే వెలుతురు ఐదో వంతుకు పడిపోతుంది. అంటే కుర్చీల చివర కూర్చుని స్టేజీ మీది మొహాన్ని దగ్గరికి లాగామా, ఐదు లైట్లలో నాలుగు మన చేత్తో మనమే ఆర్పినట్టు. ఆ లోటు పూడ్చుకోడానికి కెమెరా లోపల సిగ్నల్ పెంచుతుంది, బొమ్మ నిండా చీమలు పాకినట్టు రవ్వ కనపడుతుంది.

మొదటి నాటకం అట్లాగే పాడు చేశాను. సింగరాయకొండ వైపు ఒక ఊళ్లో, శ్రీరామనవమి పందిట్లో. వెనక నుంచి తీశాను, జనానికి అడ్డం రాకూడదని. కాటి సీను వచ్చింది. లైట్లన్నీ ఆర్పి ఒక్క నీలం లైటు వేశారు. కళ్లకు అద్భుతంగా ఉంది. ఇంటికొచ్చి టీవీలో పెడితే నీలం బురదలో ఏదో కదులుతోంది, అందులోంచి పద్యం వినపడుతోంది. మా ఆవిడ కాసేపు చూసి, "రేడియో పెట్టారా?" అంది.

తర్వాత తెలుసుకున్నది చిన్న ఉపాయమే. రాత్రిపూట జూమ్ ముట్టుకోకూడదు, మనమే ముందుకు నడవాలి. మొదటి వరస పక్కన, హార్మోనియం ఆయన వెనక స్టాండు వేసి, లెన్సు పూర్తిగా వెడల్పుగా ఉంచి తీస్తే రెండో నాటకం ఎంతో మెరుగ్గా వచ్చింది. ఇంకొకటి, వెనక నల్లటి తెర, ముందు ఫోకస్ లైటు ఉంటే కెమెరా నలుపును చూసి కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది, కృష్ణుడి మొహం సున్నం కొట్టిన గోడ అవుతుంది. మెనూలో ఎక్స్‌పోజర్‌ను రెండు గీతలు కిందికి దించాలి. ఆ మెనూ వేలితో తాకేది కాదు, పక్కనున్న బుల్లి మీటతో ఒక్కో మెట్టూ దిగాలి. చీకట్లో, దోమల్లో.

దానికి చీకట్లో ఫోకస్ కూడా నిలవదు. ఓసారి నెల్లూరులో మా బావగారి మిద్దె మీద నుంచి రాత్రి పీఎస్‌ఎల్‌వీ ఎగురుతుంటే తీశాను. నల్లటి ఆకాశంలో ఒక్క నిప్పుచుక్క. దేన్ని పట్టుకోవాలో తెలియక కెమెరా ముందుకీ వెనక్కీ వెతుక్కుంది, రాకెట్టు కాస్తా నారింజపండంతై, చుక్కంతై, మళ్లీ నారింజపండంతై మబ్బుల్లోకి పోయింది. ఫోకస్‌ను ముందుగా దూరానికి బిగించి పెట్టుకోవాల్సింది. మిద్దె మీద పక్కనే నిలబడి ఫోనుతో తీసిన ఇంటర్ పిల్లాడికి బ్రహ్మాండంగా వచ్చింది. ఫోను మీద నాకు అసూయ పుట్టిన సందర్భం అదొక్కటే అంటే అబద్ధం, కానీ అది పెద్దది.

ఇక్కడే నాకు నా వాదన మీద అనుమానం. దీని గొప్పంతా పొడుగాటి కార్యక్రమాలు తీయడంలో ఉంది. మన పొడుగాటి కార్యక్రమాల్లో సగం రాత్రిపూటవి. మరి ఇది మన ఊళ్లకు పనికొచ్చే వస్తువేనా? పగటి వాటికి నిశ్చయంగా పనికొస్తుంది. రాత్రి వాటికి, ముందు వరసలో చోటిచ్చే స్నేహం ఉంటే పనికొస్తుంది. వెనక నుంచి తీసే పరాయివాడికి ఇది పనికిరాదు. అలా అనిపించిన రోజు నాకు దీని మీద కోపం తగ్గింది.

చెముడు సంగతి

ముసలాయన మాటకు వస్తాను. బొమ్మ లోపాల కన్నా ఇదే పెద్ద లోపమని ఇన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం. రవ్వ పడ్డ బొమ్మను జనం చూస్తారు, పగిలిన శబ్దాన్ని భరించరు. నాటకమంటే చూసేది సగం, వినేది సగం కాదు. వినేదే ముప్పాతిక.

చవక కామ్‌కార్డర్లలో శబ్దాన్ని దానంతట అదే సర్దే ఏర్పాటు ఉంటుంది. చప్పుడు పెరిగితే తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. ఇంట్లో పిల్లాడి పుట్టినరోజుకు అది వరమే. పద్యం దగ్గర శాపం. నటుడు రాగం ఎత్తుకుని పైకి పోతాడు, లౌడ్‌స్పీకర్ మోతకు కెమెరా బెదిరి గొంతు నొక్కేస్తుంది. ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగుతాడు, ఆ రెండు సెకన్లలో స్టేజీ వెనకున్న జనరేటరు రొద నెమ్మదిగా లేచి ముందుకొస్తుంది. మళ్లీ పద్యం, మళ్లీ నొక్కుడు. మూడు గంటలు వింటే పద్యానికీ జనరేటరుకూ పోటీ పెట్టినట్టుంటుంది. బయటి మైకు తగిలిద్దామంటే రంధ్రం లేదు. నాలుగైదు వేలు ఎక్కువ పెట్టిన మోడల్లో ఉంది. ఇప్పుడు కొంటే ఆ నాలుగైదు వేలూ పెడతాను. మిగతా హంగులన్నీ వదులుకుంటాను గానీ దాన్ని వదులుకోను.

మెనూలో మైకు స్థాయిని 'తక్కువ'కు మార్చే వీలు ఉందని రెండేళ్ల తర్వాత చూశాను. మాన్యువల్ చదవని పాపం. దానితో మోత కొంత తగ్గింది.

అసలు విరుగుడు వేరే ఉంది. పాత ఫోను ఒకటి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రికార్డింగు నొక్కి, హార్మోనియం పెట్టె పక్కన గుడ్డ మీద పడుకోబెట్టడం. బొమ్మ కెమెరాది, శబ్దం ఫోనుది. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే తర్వాత కంప్యూటర్లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలుపుకోవచ్చు. అయితే రెండు గడియారాలు ఎప్పుడూ ఒకేలా నడవవు. మొదటి గంటలో బాగానే ఉంటుంది, మూడో గంటకు పెదాలు ముందు, మాట వెనక. మధ్యలో రెండు మూడు చోట్ల కోసి మళ్లీ సరిచెయ్యాలి. ఒక నాటకానికి నాకు రెండు ఆదివారాలు పోయాయి. ఈ పనంతా చేసే మనిషికి ఓపిక కెమెరాకు ఉన్నంత ఉండాలి.

డబ్బా మీది అంకెలు

మేనల్లుడు చివరికి ఒక బొమ్మ పంపాడు. ఆన్‌లైన్లో ఏడు వేలకు 'ప్రొఫెషనల్' కామ్‌కార్డర్. 4కె అట, 48 మెగాపిక్సెళ్లట, 16 రెట్ల జూమట, పైన బొచ్చు తొడిగిన మైకు కూడా. చూడ్డానికి నా దానికి పెదనాన్నలా ఉంది. జూమ్ ముందు ఏ మాట ఉందో చూడరా అన్నాను. 'డిజిటల్' అని ఉంది. అంటే లెన్సు కదలదు. పడ్డ బొమ్మలో మధ్య ముక్క కోసి పెద్దది చేస్తుంది, మనం ఫోటోను వేళ్లతో సాగదీసినట్టు. లెన్సే ఫోకస్ మార్చుకోదు చాలావాటిలో. 4కె అన్నదీ చిన్న బొమ్మను సాగదీసి రాసిన అంకె కావచ్చు. చవకలో మంచిదానికీ చవకబారుదానికీ తేడా 'ఆప్టికల్' అన్న ఒక్క మాటలో ఉంది. దాని కన్నా పాతదైనా సరే, అసలైన లెన్సున్న సెకండ్‌హ్యాండ్ కామ్‌కార్డర్ అదే డబ్బుకు నయం.

సెకండ్‌హ్యాండ్ అన్నాను గానీ, అమెరికా నుంచి వచ్చిందైతే ఒకసారి ఆలోచించండి. మా తోడల్లుడు డాలస్ నుంచి తెచ్చిన కామ్‌కార్డర్‌తో కందుకూరులో ఒక పెళ్లి తీశాం. ఎండలో బ్రహ్మాండం. కల్యాణమండపంలోకి రాగానే బొమ్మ దీపం రెపరెపలాడినట్టు కొట్టుకుంది. అది సెకనుకు 60 బొమ్మల లెక్కన తీసేది. మన కరెంటు 50 హెర్ట్జ్, మన ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు వెలిగి ఆరతాయి. రెండూ పొసగవు. షట్టరును వందో వంతుకు మారిస్తే సరిపోతుంది, కానీ చవక మోడల్లో ఆ మీట ఉండదని ముందే చెప్పాను గదా. తలంబ్రాల సీను అంతా మెరుపుల్లోనే పోసుకున్నారు పాపం.

ఎవరు చూస్తారు?

మా ఆవిడ ప్రశ్న ఇది. "తీసేటప్పుడు స్టాండు కాపలా కాస్తారు, తీశాక డిస్కులో పెట్టి తాళమేస్తారు. నాటకం చూసిందెప్పుడు?" నా దగ్గర జవాబు లేదు. డిస్కులో నాలుగు నాటకాలు, మూడేళ్ల ఎడ్ల పోటీలు, ఒక గూడబాతు కుటుంబం ఉన్నాయి. మొత్తం మళ్లీ చూసింది గూడబాతుల్నే.

అర నిమిషం ముక్క వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది. నా మూడు గంటల రికార్డు ఎవరికీ పంపలేను. ఈ కెమెరా రాసే ఎంటీఎస్ అనే వీడియో ఫైళ్లు రెండేసి జీబీల ముక్కలై ఉంటాయి, తెలియక విడివిడిగా కాపీ చేసి ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూస్తే అతుకు దగ్గర మాట ఎగిరిపోతుంది, ఒకటిగా కలిపితేనే సాఫీగా ఆడతాయి. ఇదంతా ఎవరికి చెప్పేది? జనానికి కావలసింది తీసిన వెంటనే పంపడం. సిస్కో అంతటి సంస్థ 2009లో 590 మిలియన్ డాలర్లకు ఫ్లిప్ అనే జేబు వీడియో కెమెరా కంపెనీని కొని, రెండేళ్లకే, 2011లో, మూసేసింది. ఫోను ముందు ఆ ఒక్క మీట కెమెరానే నిలవలేదు, మెట్టు మెట్టుకీ మెనూ ఉన్న నాదెట్లా నిలుస్తుంది? ఆ వాదనకు నేను ఎదురు చెప్పలేను. మార్కెట్టు సంగతి మార్కెట్టుకు తెలుసు.

కానీ పోటీలైన నాలుగో రోజు మూడో జత రైతు మా ఇంటికి వచ్చాడు. తగువు కోసమేమో అని భయపడ్డాను. ఆయన అడిగింది వేరు. "ఎలపటి గిత్త పోటీ కాణ్ణుంచి కుంటతా ఉండాది సారూ. యాడ పట్టేసిందో మీ దాంట్లో చూపీండి" అన్నాడు. టీవీకి తగిలించి ఇరవై నిమిషాలూ పెట్టాను. కుర్చీలో కూర్చోలేదు, తెర ముందు గొంతుక్కూర్చున్నాడు. పదకొండో నిమిషంలో కోర్టు చివర బండ మళ్లించే చోట ఆపమన్నాడు. వెనక్కి పొమ్మన్నాడు. మళ్లీ ఆపమన్నాడు. నాకేమీ కనపడలేదు. ఆయనకు కనపడింది. కుడి వెనక కాలు గుంటలో పడి ఒక్క అడుగు తడబడింది. ఆ తర్వాత తొమ్మిది నిమిషాలూ అది ఆ కాలు ఆనించకుండానే లాగిందని ఆయన అన్నాక నేనూ చూడగలిగాను.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇంత కష్టపెట్టానా దీన్ని" అన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఏడడుగుల మాట ఎత్తనేలేదు.

ఆ ఇరవై నిమిషాల్లో ఏ అర నిమిషం ముఖ్యమో తీసేటప్పుడు నాకు తెలియదు. తెలిసి ఉంటే నేనూ ఫోనుతోనే తీసేవాణ్ని. మేనల్లుడికి మాత్రం చివరికి వద్దనే చెప్పాను. పెళ్లికి ఫోను చాలు, మిగతా డబ్బుతో మంచి మైకు కొనుక్కోమన్నాను. వాడు రెండూ కొనలేదు, డ్రోను బుక్ చేశాడు.

వచ్చే తిరునాళ్లకు ఒక ఏర్పాటు అనుకున్నాను. విజిల్ ఊదే పెద్దమనిషి చొక్కా జేబులో నా పాత ఫోను రికార్డింగులో పెట్టి ఉంచుతానని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, సరేగానీ ఎవరన్నా ఫోను చేస్తే తాను ఎత్తనని చెప్పాడు.